అక్క ఎందుకు వినడం లేదు?

ప్రశ్న:

నేను ఖమ్మం జిల్లాలో ఒక హైస్కూల్లో బయాలజీ టీచర్‌ని. మా అక్క కూతురికి పన్నెండేళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా పాపకు వేయించమని అక్కకు చెప్పాను. మొదట 'చూద్దాంలే' అంది. తర్వాత ఎవరో పంపిన వీడియో చూసి, ఆ సూది వేస్తే రేపు పిల్లలు పుట్టరట కదా అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. నాకు కోపం వచ్చింది. అది అబద్ధమని చెప్తూ డబ్ల్యూహెచ్‌ఓ పేజీలు, డాక్టర్ల వీడియోలు, ఏ దేశంలో ఏం తేలిందో అన్నీ అదే గ్రూపులో వరసగా పెట్టాను. అక్క ఒక్కదానికీ జవాబివ్వలేదు. బావ మాత్రం 'మన జిల్లాలోనే ఈ సూది వేస్తే ఆడపిల్లలు చచ్చిపోయారు, అది కూడా చెప్పు మీ స్టూడెంట్లకు' అని రాశారు. ఇలాంటి పుకార్లు నమ్మితే ఇంక చదువులెందుకని నేనూ గట్టిగానే అన్నాను. ఆ రాత్రే అక్క గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఇప్పుడు ఫోన్ చేసినా ముభావంగా మాట్లాడుతోంది.

మా అక్క మొండి మనిషేం కాదు. డిగ్రీ చదివింది, పిల్లల చదువులన్నీ తనే చూసుకుంటుంది. నేను చెప్తే వినని మనిషి ముక్కూ మొహం తెలియనివాడు వాట్సాప్‌లో చెప్తే ఎలా నమ్మింది? వచ్చే నెల స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్‌లో ఇదే టీకా గురించి నన్ను మాట్లాడమన్నారు హెచ్చెమ్ గారు. సొంత అక్కకే చెప్పలేకపోయాను, అంతమందికి ఏం చెప్తానోనని ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. వాస్తవాలు కళ్ల ముందు పెట్టినా ఒప్పుకోనివాళ్లకు ఎలా చెప్పాలి?

ఒక టీచర్, ఖమ్మం జిల్లా

జవాబు:

టీచర్ గారూ,

మీ బావగారి మాట దగ్గర మొదలుపెడతాను. మీ ఉత్తరంలో మీరు అన్నిటికంటే తేలిగ్గా దాటేసింది దాన్నే. ఆయన చెప్పింది పుకారన్నారు. అందులో పుకారు సగమే. మిగతా సగం పార్లమెంటు రికార్డుల్లో ఉంది.

2009లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, మీ ఖమ్మం జిల్లాలోనే భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు అది. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాంటిదే నడిచింది. మన దగ్గర టీకా వేయించుకున్నవాళ్లలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది ఉన్నారు. తర్వాత కొన్ని నెలల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అందులో ఐదుగురు మన పిల్లలు. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గట్టిగా అడిగిన తర్వాత 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపించింది.

ఆ చావుల మీద విచారణ కమిటీ వేశారు. నీళ్లలో మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు బయటపడ్డాయి. టీకా వల్లే చనిపోయారనడానికి ఆధారం దొరకలేదు. కానీ అదే విచారణలో ఇంకోటి కూడా బయటపడింది. తల్లిదండ్రుల అంగీకార పత్రాలు తీసి చూస్తే, మన రాష్ట్రానికి చెందిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. తన బిడ్డకు ఏ సూది వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో తెలియని తల్లిదండ్రులు ఎంతమందో ఊహించుకోండి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ ప్రాజెక్టును చాలా ఘాటుగా తప్పుపట్టింది. చావుల మీద విచారణ జరిగిన తీరు కూడా సరిగా లేదంది.

అంటే మీ బావగారి దగ్గర రెండు మాటలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. 'సూది వల్ల చనిపోయారు' అన్నదానికి ఆధారం లేదు. 'మన పిల్లల విషయంలో ఎవరూ సరిగా అడగలేదు, చెప్పలేదు' అన్నది నిజం. మీరు రెండిటినీ కలిపి పుకారన్నారు. నిజం తన చేతిలో ఉందని తెలిసినవాడికి, ఎదుటి మనిషి దాన్ని కొట్టిపారేస్తే ఏమనిపిస్తుంది? ఈవిడకు అసలు సంగతి తెలియదు, లేదా తెలిసీ దాస్తోంది అనిపిస్తుంది. ఆ తర్వాత మీరు పంపిన డబ్ల్యూహెచ్‌ఓ పేజీ ఎంత నిజమైనా ఆయన దాన్ని తెరవరు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి ఫోన్ బావగారికి. 'బావా, ఆరోజు మీరన్నది నేను పుకారని కొట్టేశాను. తర్వాత చదివాను. సంతకాల విషయంలో మన దగ్గర జరిగింది అన్యాయమే.' ఇంతే. ఆ వెంటనే 'కానీ' అని మొదలుపెట్టి చావుల లెక్క చెప్పకండి. ఆయన 'మరి చావుల సంగతేంటి?' అని అడిగితే చెప్పండి. అడగకపోతే ఆ రోజుకు వదిలేయండి. బావగారు మారిపోతారని నేను హామీ ఇవ్వను, మారకపోవచ్చు కూడా. కానీ ఆయన ఎదురు తిరగడం ఆపితే చాలు, మీ అక్కకు ఊపిరాడుతుంది.

ఇప్పుడు అక్క సంగతి. మీరు గ్రూపులో జవాబులు పెట్టారు. ఆ గ్రూపులో ఎవరెవరున్నారు? మీ అమ్మానాన్న, అన్నదమ్ములు, బహుశా అక్క అత్తగారి వైపు వాళ్లు కూడా. అంతమంది ముందు చెల్లెలు అక్కను తప్పని నిరూపించింది. మీరు టీకా గురించి మాట్లాడుతున్నాననుకున్నారు. అక్కకు మాత్రం అక్కడ జరిగింది పరువు పంచాయితీ. 'అవును, నేను పెట్టిన వీడియో తప్పు' అని ఆమె ఒప్పుకోవాలంటే తోడికోడళ్ల ముందు, ఆడపడుచుల ముందు ఒప్పుకోవాలి. ఆ పని ఎవరు చేస్తారు? మీరు చేస్తారా? గ్రూపులోంచి వెళ్లిపోవడమే ఆమెకు మిగిలిన మర్యాదైన దారి. ఇలాంటి విషయం నలుగురిలో తేలదు. ఒక్కరితో, వీలైతే ఎదురుగా కూర్చుని, పని చేసుకుంటూ మాట్లాడాలి. చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడితే ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు, అది కూడా ఒక సదుపాయమే.

ముక్కూ మొహం తెలియనివాడిని ఎలా నమ్మిందని అడిగారు. ఆ వీడియో ఆమెను ఏమీ తప్పుపట్టలేదు. 'నీ బిడ్డ జాగ్రత్త' అంది. ఆమె మనసులో అప్పటికే ఉన్న భయానికి మాటలిచ్చింది. మీ లింకులు ఆమెకు తెలియదని చెప్పాయి. చదువుకుంది కాబట్టి వినాలి కదా అన్నారు. చదువు ఇక్కడ మనం అనుకున్నంత సాయం చేయదు. 2021 మే నెలలో కృష్ణపట్నంలో కరోనా మందు కోసం బారులు తీరినవాళ్లంతా చదువురానివాళ్లేనా? చదువుకున్నవాళ్లకు తాము ముందే నమ్మినదానికి కారణాలు వెతుక్కునే నేర్పు కూడా ఎక్కువగా ఉంటుంది. అంతే తేడా.

ఇక్కడ ఒక మాట. 'వాస్తవాలు చెప్తే జనం ఇంకా మొండికేస్తారు, కాబట్టి వాస్తవాలు చెప్పడమే దండగ' అని ఈమధ్య కొందరు మేధావులు కూడా అంటున్నారు. నేనొప్పుకోను. 2010లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం తర్వాత ఆ మాట బాగా పాకింది గానీ, తర్వాత చాలా పెద్ద ఎత్తున మళ్లీ పరీక్షిస్తే అలా ఎదురుతన్నడం అరుదని తేలింది. సరైన సమాచారం ఇస్తే చాలామంది తమ తప్పు అభిప్రాయం సరిచేసుకుంటారు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. 2014లో అమెరికాలో తట్టు టీకా గురించి తల్లిదండ్రుల మీద చేసిన ఒక అధ్యయనంలో, టీకా వల్ల ఆటిజం రాదని వివరిస్తే ఆ అపోహ తగ్గింది. కానీ ముందునుంచే టీకాలంటే బాగా గుర్రుగా ఉన్నవాళ్లలో, టీకా వేయిస్తామనేవాళ్లు పెరగకపోగా తగ్గారు. ఒక అనుమానం తీరిస్తే వాళ్లు ఇంకో అనుమానం వెతుక్కున్నారు. అంటే పైకి చెప్పిన అనుమానం ఒకటి, లోపల పట్టి ఉంచింది మరొకటి.

మీ అక్క లోపల ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఎందుకంటే మీరు అడగలేదు. మీ ఉత్తరమంతా మళ్లీ చదివాను. అక్కకు ఏం చెప్పారో అంతా ఉంది. అక్కను ఏమడిగారో ఒక్క ముక్క లేదు. 'అక్కా, పాపకు ఆ సూది అంటే నీకు అన్నిటికంటే దేనికి భయంగా ఉంది?' అని అడిగి ఊరుకోండి. మొదటి జవాబు వీడియోలోదే వస్తుంది, పిల్లలు పుట్టరట అని. దాన్ని ఖండించకుండా 'ఇంకా?' అనండి. అసలు మాట సాధారణంగా రెండోసారో మూడోసారో బయటికొస్తుంది.

మన ఊళ్లల్లో ఈ టీకా విషయంలో ఆ అసలు మాట ఏమై ఉంటుందో నాకు కొంత అంచనా ఉంది.

ఒకటి, క్యాన్సర్ అనే మాట మీదే అపనమ్మకం. నలభై దాటకుండానే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు మీ చుట్టాల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. దేశంలో ఈ ఆపరేషన్లు బాగా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువవుతోందనో వెళ్తే, 'ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది' అని భయపెట్టి తీసేసిన కథలు ఊరికి పది వినిపిస్తాయి. ఆ తర్వాత నడుము నొప్పులు, ఒళ్లు మంటలు, అప్పులు. అలాంటి ఊళ్లో ఒకరు వచ్చి 'మీ పాపకు అక్కడే క్యాన్సర్ రాకుండా సూది' అంటే ఆడవాళ్లు అనుమానపడకపోతేనే ఆశ్చర్యపోవాలి. మీరు క్యాన్సర్ లెక్కలు ఎంత పెద్దవి చెప్తే ఆ అనుమానం అంత గట్టిపడుతుంది. అక్కకు గనక ఇదే బాధ ఉంటే, 'అవునక్కా, మన పెద్దమ్మను అలాగే మోసం చేశారు' అని ఒప్పుకోవడం తప్ప మొదట మీరు చేయగలిగింది లేదు. తర్వాత చెప్పొచ్చు: ఆ క్యాన్సర్ నిజంగా వచ్చేది గర్భసంచి మూతి దగ్గర, చాలావరకు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల, అది ముదరడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది, చిన్న పరీక్షతో ముందే పట్టుకోవచ్చు, దానికి సంచి తీసేయక్కర్లేదు అని. తనకు జరిగిన అన్యాయాన్ని అర్థం చేసుకోవడానికి కూడా పనికొచ్చే సైన్సు అది.

రెండోది పైకి ఎవరూ అనరు. ఈ వైరస్ లైంగికంగా సంక్రమిస్తుంది. దాన్నుంచి కాపాడటానికి పన్నెండేళ్ల పిల్లకు సూది అంటే, 'మా పిల్ల అలాంటిదా?' అనే మాట గొంతులో అడ్డుపడుతుంది. బావ ముందు, అత్తగారి ముందు ఈ టీకా ఎందుకో వివరించాల్సి వస్తుందన్న భయంతోనే తల్లి 'వద్దు' అనేస్తుంది. పిల్లలు పుట్టరనే వీడియో ఆమెకు ఒక మర్యాదైన సాకు. ఇలాంటప్పుడు మీరు వీడియో అబద్ధమని ఎంత నిరూపించినా సాకు పోతుంది గానీ ఇబ్బంది పోదు. నేనైతే హెపటైటిస్-బి సంగతి ఎత్తుతాను. అదీ రక్తం ద్వారా, లైంగికంగా కూడా అంటుకునే వైరసే. దాని టీకా మన దేశంలో పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపే పసిబిడ్డకు వేస్తున్నారు. మీ అక్క కూతురికీ వేసే ఉంటారు. ఆ రోజు ఎవరూ ఆ బిడ్డ నడవడిక గురించి ఆలోచించలేదు. వైరస్ కంటే ముందు చేరితేనే ఇలాంటి టీకాలు బాగా పనిచేస్తాయి, అందుకే చిన్న వయసులో వేస్తారు. పైగా ఈ వైరస్ పెళ్లయ్యాక కట్టుకున్నవాడి నుంచి కూడా వస్తుంది. పిల్ల ఎంత బుద్ధిమంతురాలైనా అల్లుడి గతం మన చేతిలో ఉండదు కదా! ఈ చివరి మాట తల్లులకు చాలా త్వరగా అర్థమవుతుంది. వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు కూడా.

ఇక ఆమె నిజంగానే పిల్లలు పుట్టరేమోనని భయపడుతుంటే, మీరు బయాలజీ టీచర్, ఇది మీ మైదానం. ఈ టీకాలో వైరస్ ఉండదు. వైరస్ పైనుండే తొడుగు లాంటిది మాత్రమే, అదీ ల్యాబులో తయారుచేసిన ప్రోటీన్‌తో చేసిన ఖాళీ గుల్ల. లోపల జన్యు పదార్థం లేదు, కాబట్టి అది ఒంట్లో పెరగదు, ఎక్కడికీ పోయి ఏమీ చేయలేదు. శరీరం దాని ఆకారం చూసి గుర్తుపెట్టుకుంటుంది. ఇంత చాలు. 2006 నుంచి ప్రపంచంలో వేస్తున్నారు, అప్పుడు వేయించుకున్న పిల్లలు ఇప్పుడు తల్లులయ్యారు. ఒక్క ఫలితం చెప్పాలంటే స్కాట్లాండ్‌ది చెప్పండి. అక్కడ 2008లో స్కూళ్లలో మొదలుపెట్టారు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో పూర్తిగా టీకా తీసుకున్న ఆడపిల్లల్లో ఈ క్యాన్సర్ ముదిరిన కేసు ఒక్కటి కూడా కనిపించలేదని 2024 జనవరిలో ప్రకటించారు. పది లింకుల బదులు ఈ ఒక్కటి. పది చెప్తే అందులో బలహీనమైనదాన్ని పట్టుకుని వాదిస్తారు. ఒకటి చెప్తే దాని గురించే ఆలోచిస్తారు.

మన దేశంలోనే దీనికంటే గట్టి మొండితనాన్ని దాటిన ఉదాహరణ ఒకటుంది, మీ మీటింగ్‌కు అదే ఎక్కువ పనికొస్తుంది. 2002లో దేశం మొత్తం మీద 1,600 పోలియో కేసులొస్తే అందులో 1,200కు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. పశ్చిమ జిల్లాల్లో చాలా ముస్లిం కుటుంబాలు చుక్కలు వేయించేవి కావు. కారణం మీ అక్క చెప్పినదే: పిల్లలు పుట్టకుండా చేయడానికి వేస్తున్నారు! ఆ భయం గాల్లోంచి రాలేదు. ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చూసిన ఊళ్లవి. తాగే నీళ్లకు, జ్వరం మాత్రకు దిక్కులేని చోటికి ప్రభుత్వం నెలనెలా ఇంటి గుమ్మంలోకి వచ్చి రెండు చుక్కలు మాత్రం వేస్తానంటే, 'దీనికెందుకింత తొందర?' అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 'ఎన్నిసార్లు వేస్తారు?' అనీ అడిగారు. దాని వెనక కూడా నిజముంది. విరేచనాలు, రద్దీ ఎక్కువగా ఉండే ఆ ప్రాంతాల్లో పాత చుక్కల మందు ఒక్కో డోసుకు చాలా తక్కువగా పనిచేసేది. పదిసార్లు వేయించినా పోలియో వచ్చిన పిల్లలున్నారు.

అప్పుడేం చేశారు? అదే వీధిలో ఉండే ఆడవాళ్లను, ఎక్కువగా తల్లులనే, పనిలోకి తీసుకున్నారు. వాళ్లు చుక్కల మాట ఒక్కటే ఎత్తకుండా, పురుళ్లు, చంటిపిల్లల విరేచనాలు, చేతులు కడుక్కోవడం, మిగతా టీకాలు అన్నీ మాట్లాడేవాళ్లు. మసీదు మైకుల్లోంచి ఇమాములు చెప్పారు. అలీగఢ్, జామియా లాంటి విశ్వవిద్యాలయాల నుంచి పెద్దలు వచ్చి ఊళ్లలో కూర్చున్నారు. మరోవైపు మందునూ మార్చారు: 2005లో ఒక రకం వైరస్ మీద గట్టిగా పనిచేసేది, 2010లో రెండు రకాల మీద పనిచేసేది తెచ్చారు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చిందే దేశంలో ఆఖరి కేసు. 2014 మార్చి 27న భారత్ పోలియో లేని దేశమని సర్టిఫికెట్ వచ్చింది. జనాన్ని మార్చామని అందరూ చెప్పుకుంటారు గానీ, జనం అడిగినదాంతో ప్రభుత్వం కూడా మారింది. ఆ రెండో సగాన్ని మనవాళ్లు ఎక్కడా పెద్దగా చెప్పరు.

మీ మీటింగ్‌లో మీరు ఒక్కరే మాట్లాడకండి. ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను పిలవండి. పసిపిల్లలకు టీకాలేసినప్పటి నుంచి ఆ తల్లులకు వాళ్లు తెలుసు. ఇప్పటికే తన బిడ్డకు వేయించిన తల్లి ఎవరైనా దొరికితే ఆమెను రెండు నిమిషాలు మాట్లాడించండి. ఆమె మాటల్లో తప్పులు దొర్లినా మీరు మధ్యలో సరిచేయొద్దు, టీచర్లకు ఆ అలవాటు ఉంటుంది! ముందు రోజే తల్లులకు చిన్న చీటీలిచ్చి, పేరు లేకుండా ప్రశ్నలు రాసి డబ్బాలో వేయమనండి. గర్భసంచి గురించి, ఆ సంగతుల గురించి మగవాళ్ల ముందు చెయ్యెత్తి ఎవరూ అడగరు. వీలైతే తల్లులతో విడిగా ఒక అరగంట కూర్చోండి.

పుకారును బోర్డు మీద రాసి 'ఇది తప్పు' అని కొట్టేయకండి. ఇంటికెళ్లాక గుర్తుండేది రాసిన మాటే, కొట్టేసిన గీత కాదు. పదేపదే విన్నది నిజమేననిపించడం మనిషి బుర్రకున్న గుణం, దీన్ని 1970లలోనే ప్రయోగాలు చేసి చూశారు. నిజంతో మొదలుపెట్టండి, ఎవరైనా అడిగితే అపోహ గురించి ఒక్కసారి చెప్పి మళ్లీ నిజానికి రండి. లెక్క చెప్పాల్సి వస్తే, ఈ క్యాన్సర్‌తో మన దేశంలో ఏటా దాదాపు 80 వేల మంది ఆడవాళ్లు చనిపోతున్నారు, చాలామంది ఇంట్లో పిల్లల పెళ్లిళ్ల వయసులో. అది ఒకసారి చెప్పి ఆపండి. భయపెట్టి పంపితే జనం భయం పోగొట్టుకోవడానికి దారి వెతుక్కుంటారు, ఆ దారి 'ఇదంతా అబద్ధం' అనుకోవడం కూడా కావచ్చు.

ఇబ్బందులు మీరే ముందు చెప్పాలి, వాళ్లు అడగక ముందే. చెయ్యి నొప్పి పుడుతుంది, కొందరికి జ్వరం వస్తుంది. ఈ వయసు పిల్లలు సూది భయానికి కళ్లు తిరిగి పడిపోవడం ఉంటుంది, అందుకే వేసిన తర్వాత కాసేపు కూర్చోబెడతారు. ఈ మాట ముందే చెప్పకపోతే, లైన్లో ఒక పిల్ల పడిపోయిన క్షణంలో మీ కార్యక్రమం అయిపోయినట్టే. 2014లో కొలంబియాలోని ఒక పట్నంలో ఇలాగే మొదలై వందల మంది అమ్మాయిలు పడిపోయారు. టీకాకు సంబంధం లేదని ప్రభుత్వం తేల్చి చెప్పినా దేశమంతా టీకా వేయించడం దాదాపు ఆగిపోయింది. జపాన్‌లో 2013లో కొన్ని ఫిర్యాదులు రాగానే ప్రభుత్వం టీకాను గట్టిగా సిఫారసు చేయడం మానేసింది. 70 శాతం దాకా ఉన్నది ఒక్క శాతానికి పడిపోయింది. మళ్లీ సిఫారసు మొదలుపెట్టడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. తేల్చుకోవడానికి అంతకాలం తీసుకుంటే ఈలోపు పిల్లలు ఆ వయసు దాటిపోతారు.

అన్నిటికంటే ముఖ్యంగా, మీ జిల్లాలో జరుగుతున్న మీటింగ్ కాబట్టి, 2009 సంగతి మీ నోటితోనే రావాలి. ఎవరో వెనక బెంచీ నుంచి లేచి అడిగేదాకా ఆగొద్దు. ఏం జరిగిందో చెప్పి, 'ఈసారి ఫారం మీ ఇంటికొస్తుంది. మీరు చదివి, చదవలేకపోతే చదివించుకుని, ప్రశ్నలడిగి, అప్పుడు సంతకం పెట్టండి. మీ తరపున నేను గానీ, హెచ్చెమ్ గారు గానీ, వార్డెన్ గానీ సంతకం పెట్టేది లేదు. వద్దనుకుంటే వద్దని రాయండి' అని చెప్పండి. ముందుగా హెచ్చెమ్ గారితో ఈ మాట ఖాయం చేసుకోండి, చెప్పి తప్పితే చెప్పకపోవడం కంటే ఘోరం. వద్దనే హక్కు ఉందని తెలిసినప్పుడు కొంతమంది వద్దంటారు. అననివ్వండి. పై అధికారులు శాతాలడుగుతారు, ఆ ఒత్తిడి మీ మీదా పడుతుంది. 2009లో వార్డెన్ల చేత సంతకాలు పెట్టించింది కూడా అలాంటి ఒత్తిడే అయి ఉండొచ్చు.

పని చేయని చోటు కూడా చెప్పాలి. నాటు మందు అమ్ముకోవడానికి టీకాల్ని తిట్టేవాడు, వీడియోకు వ్యూస్ వస్తే డబ్బులొచ్చేవాడు, వీళ్లతో మీరు ఎంత ఓపిగ్గా మాట్లాడినా ఉపయోగం లేదు, వాడి కడుపు దాని మీదే నిండుతోంది. నలుగురిలో వాడు అబద్ధం చెప్తుంటే ఒక్కసారి స్పష్టంగా కాదని చెప్పండి, వాడి కోసం కాకుండా వింటున్నవాళ్ల కోసం. అక్కడితో ఆగండి. పాము కరిచిన పిల్లాడిని మంత్రానికి తీసుకెళ్తుంటే మాత్రం ఈ వినడాలు, అడగడాలు ఏవీ వద్దు, బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ అక్క విషయంలో అంత తొందర లేదు. పాపకు పన్నెండేళ్లే. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఎప్పుడు వేయించినా మంచిదే. పదిహేను దాటితే డోసులు పెరగొచ్చు, అందుకని ఆ లోపు అయితే బాగుంటుంది. కాబట్టి మొదటి ఫోన్లోనే 'అయితే ఎప్పుడు వేయిద్దాం?' అని తేల్చకండి. ఆమె 'ఆలోచిస్తాలే' అంటే అది పెద్ద మాట. 'సరే అక్కా, నీకెప్పుడు ఏ అనుమానం వచ్చినా నన్నడుగు, నాకు తెలియకపోతే కనుక్కుని చెప్తా' అనండి. ఆమె మనసు మార్చుకున్న రోజున 'నేను ముందే చెప్పాను కదా' అనే మాట మీ నోట్లోంచి రాకూడదు. 'నేనే బాగా ఆలోచించి వేయించాను' అని గ్రూపులో ఆమె రాసుకుంటే, కింద ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకోండి.

ఇంకో సంగతి. ముప్పై దాటిన ఆడవాళ్లకు ఇదే క్యాన్సర్‌ను ముందే పట్టుకునే పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. ముప్పై నుంచి అరవై ఐదేళ్ల వాళ్లు ఐదేళ్లకోసారి చేయించుకోవాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. గర్భాశయ ముఖద్వారం మీద వెనిగర్ లాంటి పలచని ఆమ్లం అద్ది రంగు మారుతుందేమో చూస్తారు, కొన్ని నిమిషాల పని. పాప టీకా గురించి మాట్లాడిన మీరు అక్క ఒంటి గురించి ఎప్పుడైనా అడిగారా? మీకూ ముప్పై దాటి ఉంటే మీరూ చేయించుకోవాల్సిందే. పీహెచ్‌సీకి ఫోన్ చేసి ఏ రోజు చేస్తారో కనుక్కోండి. 'అక్కా, నేను పరీక్షకు వెళ్తున్నా, ఒక్కదాన్నే వెళ్లాలంటే ఎట్లనో ఉంది, నువ్వూ రారాదూ' అని పిలవండి. దారిలో పాప మాట మీరు ఎత్తకండి. అక్కే ఎత్తుతుందేమో చూడండి.